‘ముంపుకు అలవాటుపడింది’ అనవచ్చునా?

ప్రశ్న (బరంపురం): పిల్లల కోసం రాస్తున్న వ్యాసంలో ‘ఒడిశా నాటు వరి ముంపుకు అలవాటుపడింది’ అన్నాను. ఒక మిత్రుడు ఈ ప్రయోగం కుదరదంటున్నారు. పెద్దలు తమ అభిప్రాయం చెప్పగలరు.

జవాబు (జయపురం): మీ మిత్రుల అభ్యంతరం సబబేనండి. అలవాటు ఒక ప్రాణి తన జీవితకాలంలో చేసుకొనేది. చన్నీళ్ల స్నానం మనకు అలవాటైనంత మాత్రాన బిడ్డకు పుట్టుకతో రాదు. వరిలో జరిగింది వేరు. ధల్‌పుటియా అనే ఒడిశా నాటు వరి నుండి ఏరిన ఎఫ్.ఆర్.13ఎ రకం రెండు వారాల వరకు పూర్తిగా నీట మునిగినా చావదు. మామూలు వరి మునిగితే, గాలి అందుకోవాలని ఆకులను ఆదరాబాదరాగా సాగదీసి, దాచుకున్న పిండిపదార్థమంతా ఖర్చుపెట్టుకొని, నీరు తీసేసరికి చతికిలబడుతుంది. ఎఫ్.ఆర్.13ఎలో ఉన్న, 2006లో గుర్తించిన సబ్1ఎ జన్యువు గల మొక్క మాత్రం ఎదుగుదల ఆపుకొని, నిల్వ కాపాడుకొని, నీరు తీయగానే మళ్లీ చిగురిస్తుంది. మారుటేరు పరిశోధన కేంద్రపు స్వర్ణ వరి రకంలోకి ఆ జన్యువును సంకరణంతో చేర్చగా వచ్చిన స్వర్ణ-సబ్1 మన దేశంలో 2009లో విడుదలయింది.

ముంపు ఆ జన్యువును పుట్టించలేదు. యాదృచ్ఛికంగా కలిగిన అటువంటి తేడా కొన్ని మొక్కలలో ముందే ఉంటే, మునిగిన మడిలో అవే బతికి గింజ కడతాయి కనుక తరతరానికీ వాటి వాటా పెరుగుతుంది. అందుచేత ‘ముంపును తట్టుకొనే మొక్కలు నిలిచి పెరిగాయి’ అని రాయండి. వాక్యం కాస్త పొడుగైనా ఫరవాలేదు.

ప్రశ్న (రాయగడ): జన్యుపరమైన తేడాలకు మన రైతుల ‘కేళీలు’ అన్న మాట వాడవచ్చునా?

జవాబు (జయపురం): వద్దనే నా మనవి. విత్తన మడిలో తోటివాటికంటే పొడుగ్గా ఎదిగినదో, ముందుగా ఈనినదో కేళీ. దాన్ని పీకివేయడం విత్తన శుద్ధికి అవసరమే, కాని ఆ మాటలో కల్తీ అన్న భావం ఉంది. జాతి మనుగడకు ఆ తేడాలే ఆధారం. 1970లలో ఆసియా వరిని గిడసబార్చిన ఒక వైరస్ తెగులుకు విరుగుడు కోసం ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ వేల నమూనాలు పరీక్షిస్తే, నిరోధకత దొరికింది మన దేశపు అడవి వరి నమూనా ఒక్కదానిలోనే. మా కోరాపుట్ జిల్లాలో మెట్టకు తక్కువ కాలపు వరి, ఝోలా అనే పల్లపు నేలకు ఎక్కువ కాలపు వరి అంటూ రకరకాల నాటు విత్తనాలు నిలిపిన సేద్యాన్ని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2012లో వారసత్వ సేద్యంగా గుర్తించింది. ఆ విత్తనాలను కేళీలంటే ఇక్కడి రైతులు ఒప్పుకోరు. ‘జన్యు వైవిధ్యం’ ఇప్పటికే వాడుకలో ఉంది, పిల్లలకైతే ‘పుట్టుకతో వచ్చే తేడాలు’ అన్నా చాలు.