ఇంటికొచ్చినవాళ్లను "కాఫీ తాగుతారా?" అని అడగొచ్చా?

కాకినాడ కోడలు:
మా ఇంట్లో ఎప్పటి నుంచో తేలని పంచాయితీ ఇది. మా అత్తగారి పద్ధతిలో ఎవరైనా గుమ్మంలో కాలు పెడితే ముందు మంచినీళ్లు, ఆ వెనకే కాఫీ. అడగడమనేదే ఉండదు. "తాగుతారా అంటే ఎవరు మాత్రం ఊఁ అంటారు? పెట్టడం ఇష్టం లేక అడిగామనుకుంటారు" అంటారావిడ. నేను అడిగే ఇస్తాను. మొన్న ఆవిడ స్నేహితురాలు వచ్చారు. ఇచ్చిన కాఫీ రెండు గుక్కలు తాగి పక్కన పెట్టేశారు. షుగర్ ఉందట, వెళ్లేటప్పుడు చెప్పారు. ఆవిడకు మొహమాటం, మా అత్తగారికి చిన్నతనం. మీ ఇళ్లలో ఎలా చేస్తారు?

చిక్కటి డికాషన్:
నా ఓటు మీ అత్తగారికే. మనవాళ్ల మొదటి "వద్దండీ"ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. "ఇప్పుడే తాగొచ్చాం" అన్నవాళ్లే గ్లాసు చేతికిస్తే ఊదుకుంటూ తాగేస్తారు. పైగా ఫిల్టర్‌లో మరిగే నీళ్లు పోశాక డికాషన్ దిగడానికి పావుగంటో ఇరవై నిమిషాలో పడుతుంది. అడిగి, వాళ్లు సరేనన్నాక మొదలుపెడితే చెప్పులేసుకునే వేళకు వస్తుంది కాఫీ. వస్తున్నామని ఫోన్ రాగానే డికాషన్ వేసుకోవాలి.

నన్నడిగితే అసలు చూడాల్సింది ఏ డికాషన్ ఇస్తున్నామన్నది. మొదట దిగిన చిక్కటిది వచ్చినవాళ్లకు, అదే పొడి మీద మళ్లీ నీళ్లు పోసి తీసింది ఇంట్లోవాళ్లకు. కొన్ని ఇళ్లలో వచ్చిన మనిషిని బట్టి మొదటిదా రెండోదా అన్నది తేలుతుంది. తాగేవాళ్లకు తెలీదనుకుంటారు పాపం. ఇక ఇన్‌స్టంట్ పొడి సంగతి ఎత్తకండి. 2019లో అరకు అరబికా కాఫీకి జీఐ (భౌగోళిక గుర్తింపు) కూడా వచ్చింది. ఇంత మంచి గింజ మన కొండల్లో పండుతుంటే చుట్టాలకు చెంచాడు పొడి, వేడిపాలు కలిపి ఇస్తారా?

వరంగల్ చాయ్:
మా వైపు చాయ్ ఎక్కువ, డికాషన్ కాఫీ ఇళ్లు తక్కువ. చాయ్‌కి ఎవరూ అడగరు, "కూర్చో, చాయ్ తాగి పో" అంటారు, అంతే. కాఫీకి మాత్రం అడగాల్సిందే. ఒంట్లోకి వెళ్లిన కెఫీన్‌లో సగం పోవడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది. అలవాటు లేనివాళ్లకు సాయంత్రం ఏడింటికి మీ చిక్కటి డికాషన్ పోస్తే ఆ రాత్రి వాళ్లకు శివరాత్రే.

డల్లాస్ డబరా:
ఇక్కడ పుట్టిన పిల్లలతో జాగ్రత్త. "నో థాంక్స్" అంటే నిజంగానే వద్దని. రెండోసారి బలవంతం చేస్తే బిక్కమొహం వేసి వాళ్లమ్మ వంక చూస్తారు.

చక్కెర తక్కువ:
ఇరవై ఏళ్లుగా షుగర్ ఉన్నవాడిని, నా గోడు కూడా వినండి. మన దేశంలో మధుమేహం ఉన్నవాళ్లు 10 కోట్ల పైమాటేనని 2023లో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) ఇండియాబ్ అధ్యయనం తేల్చింది. మీ హాల్లో నలుగురు పెద్దవాళ్లు కూర్చుంటే వాళ్లలో నాలాంటివాడు ఉండొచ్చనే అనుకోండి. అలాగని నలుగురి మధ్య "మీకు షుగరుందా?" అని గట్టిగా అడక్కండి. పెళ్లి సంబంధం మాట్లాడటానికి వెళ్లిన చోట నన్నలాగే అడిగారు. అటువైపు వాళ్లందరూ ఒక్కసారి తలెత్తి చూశారు. కాఫీ పంచదార లేకుండా కలిపి, పంచదార గిన్నె, చెంచా ట్రేలో పెట్టండి. కావలసినవాళ్లు వేసుకుంటారు.

చిక్కటి డికాషన్:
పంచదార వేసి, గ్లాసులోంచి డబరాలోకి నాలుగుసార్లు తిరగబోస్తేనే నురుగు నిలుస్తుంది. చెంచాతో తిప్పితే నురుగంతా అణిగిపోయి కాఫీ చల్లారిపోతుంది.

చక్కెర తక్కువ:
మీ నురుగు కోసం నేను ఇన్సులిన్ పెంచుకోలేనండీ. పాలు చిక్కగా, పొగలు కక్కుతూ ఉంటే పంచదార లేకపోయినా నురుగొస్తుంది. మా ఇంట్లో రోజూ వస్తోంది.

కాకినాడ కోడలు:
ఇది బాగుంది, పంచదార విడిగా పెడతాను. అడగడం మాత్రం మాననండీ. "కాఫీయా, మజ్జిగా?" అని అడుగుతాను. ఏదో ఒకటి చెప్పక తప్పదు.

కిటికీ గ్లాసు:
ఇంతసేపూ వచ్చినవాళ్లంటే సోఫాలో కూర్చున్నవాళ్లేనా? ఏసీ బాగుచేయడానికొచ్చిన కుర్రాడు, రోజూ అంట్లు తోమే ఆవిడ మీ ఇంట్లో కాఫీ తాగరా? వాళ్ల గ్లాసు ఎక్కడుంటుంది? చాలా ఇళ్లలో వెనక వసారా కిటికీలో విడిగా ఉంటుంది. అందరి గ్లాసులూ తోమే ఆవిడ తన గ్లాసు మాత్రం తోముకుని మళ్లీ ఆ కిటికీలోనే పెట్టాలి. హోటళ్లలో కులం పేరుతో గ్లాసులు వేరు చేస్తే నేరమని 1955లోనే చట్టం వచ్చింది. వంటింటి దాకా ఆ చట్టం రాదు. మర్యాద గురించి మాట్లాడుకుంటున్నాం కదా, ఇదీ మాట్లాడుకుందాం.

గోదారి గట్టు:
అన్నిటికీ కులం అంటగట్టకండి. మా ఇంట్లో గ్లాసు విడిగా పెట్టేది శుభ్రత కోసం. బయట పది ఇళ్లు తిరిగి వస్తారు, దగ్గులు, జలుబులు ఉంటాయి.

కిటికీ గ్లాసు:
జలుబుతో వచ్చిన మీ బావగారికి ఏ గ్లాసులో ఇచ్చారు?

చిక్కటి డికాషన్:
కాఫీ గురించి అడిగితే సంఘ సంస్కరణకు పోయారు. దయచేసి టాపిక్‌లోకి రండి.

కిటికీ గ్లాసు:
టాపిక్‌లోనే ఉన్నానండీ. మనిషిని బట్టి మొదటి డికాషనో రెండోదో పోస్తారని పైన రాసింది మీరే. ఆ రెండోది ఎవరి గ్లాసులోకి వెళ్తుందో చెప్పండి.