సెలెక్ట్ చేసిన మాటను నేరుగా వెతకడానికి మీరు ఏ షార్ట్‌కట్ పెట్టుకున్నారు?

కావలి అక్షరం
అందరికీ నమస్కారం. ఇంట్లోనే ఉండి తెలుగు ప్రూఫులు దిద్దుతుంటాను. ఇప్పుడు చేతిలో ఉన్నది నెల్లూరు జిల్లా ఊళ్ల పేర్ల మీద రాసిన పెద్ద ఫైలు. ఒకచోట ఉదయగిరి అని, ఇంకోచోట వుదయగిరి అని ఉంటుంది. అనుమానం వచ్చిన ప్రతి మాటనూ కాపీ చేసి, కంట్రోల్ ఎఫ్ కొట్టి, పేస్ట్ చేసి, ఎంటర్ నొక్కి వెతుకుతున్నాను. సాయంత్రానికి మణికట్టు లాగేస్తోంది.

వాడేది నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ అనే టెక్స్ట్ ఎడిటర్. కంట్రోల్ ఎఫ్3 కొడితే సెలెక్ట్ చేసిన మాటను నేరుగా వెతుకుతుందన్నారు కానీ, నా ల్యాప్‌టాప్‌లో ఎఫ్3 నొక్కితే సౌండ్ పెరుగుతోంది. మా తమ్ముడు వేరే ఎడిటర్‌లో కంట్రోల్ డి వాడతాడని నేనూ అదే పెట్టుకున్నా. వెతకడం మాట అటుంచి, ఉన్న మాటే పక్కన ఇంకోసారి వచ్చి పడుతోంది. అలా ఎన్నిచోట్ల పడిందోనని ఒకటే టెన్షన్.

ఒంగోలు కోడర్
అక్కా, ముందు ఆ ఫైలును పాత కాపీతో పోల్చి చూసుకోండి. నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్‌లో కంట్రోల్ డి అంటే డూప్లికేట్. సెలెక్షన్ ఉంటే ఆ ముక్కను, లేకపోతే మొత్తం లైనును ఇంకోసారి వేస్తుంది. మీ తమ్ముడు వాడేది వీఎస్ కోడ్ అనే ఎడిటర్ అయి ఉంటుంది. అక్కడ అదే కీ ఆ మాట తర్వాత ఎక్కడుందో దాన్ని కూడా సెలెక్షన్‌లో కలుపుతుంది.

సెట్టింగ్స్‌లో షార్ట్‌కట్ మ్యాపర్ తెరవండి. మెయిన్ మెనూ ట్యాబ్‌లో 'సెలెక్ట్ అండ్ ఫైండ్ నెక్స్ట్' అనే వరుస ఉంటుంది. మీకు కావలసింది అదే. మాడిఫై నొక్కి కొత్త కీ ఇచ్చాక, కింద ఉన్న చిన్న పెట్టె తప్పకుండా చదవండి. ఆ కీ ఇంకో పనికి ఉంటే అక్కడ చూపిస్తుంది. నేనూ మొదట్లో ఆ పెట్టెను పట్టించుకోక దెబ్బతిన్నాను.

చీమకుర్తి బ్లాక్
మాది గ్రానైట్ లెక్కల పని. బ్లాకు నంబర్ల జాబితాలు టెక్స్ట్ ఫైళ్లలో వస్తాయి. ఒక నంబరు రెండుసార్లు పడిందా అని చూడటానికి రోజంతా ఇదే షార్ట్‌కట్. కీ మార్చే ముందు ఎఫ్ఎన్, ఎస్కేప్ కలిపి నొక్కి చూడండి. చాలా ల్యాప్‌టాప్‌లలో దాంతో ఎఫ్ఎన్ లాక్ పడి, ఎఫ్3 ఎఫ్3లాగే పనిచేస్తుంది. కొన్ని కంపెనీల వాటిలో, కంప్యూటర్ ఆన్ చేసేటప్పుడు తెరుచుకునే బయోస్‌లోకి వెళ్లి మార్చాలి.

ఇంకోటి. కంట్రోల్ ఎఫ్3 కొట్టగానే, అంతకుముందు మీరు వెతుకుతున్న మాట పోయి దాని స్థానంలో ఇది కూర్చుంటుంది. పాత మాట అలాగే ఉండాలంటే కంట్రోల్ ఆల్ట్ ఎఫ్3 ఉంది. మెనూలో దాని పక్కన 'వొలటైల్' అని ఉంటుంది. సగంలో ఇంకో నంబరు సరిచూసుకోవాల్సి వచ్చినప్పుడు నాకు ఇదే ఆధారం.

పెన్న ఒడ్డు
తెలుగు టైపు చేసేవాళ్లు ఎఫ్ కీలను వదులుకోవద్దని నా అభిప్రాయం. తెలుగు లేఅవుట్‌లో ఉన్నా, ఇంగ్లిష్‌లో ఉన్నా ఎఫ్3 మారదు. అక్షరాల కీకి కంట్రోల్, ఆల్ట్ రెండూ కలిపి షార్ట్‌కట్ పెడితే మాత్రం చిక్కే. విండోస్ ఆ రెంటినీ కలిపి కుడి ఆల్ట్‌గా తీసుకుంటుంది, దాంతో కొన్ని లేఅవుట్లలో అక్షరం పడుతుంది.

ప్రూఫు పనిలో అసలు కష్టం వేరే ఉంది. 'సాఫ్ట్‌వేర్' లాంటి మాటలో పొల్లు తర్వాత కంటికి కనపడని గుర్తు ఒకటి ఉంటుంది. యూనికోడ్‌లో దాని సంఖ్య 200సి. కొందరు అది పెట్టి టైపు చేస్తారు, కొందరు పెట్టరు. సెలెక్ట్ చేసి వెతికితే ఆ గుర్తుతో సహా వెతుకుతుంది కాబట్టి, అది లేనివి దొరకవు. 'ఇక లేవు' అనుకుని మీరు ముందుకు పోతారు. అందుకే అలాంటి మాటల్లో పొల్లు దాకా మాత్రమే సెలెక్ట్ చేస్తాను. ఊళ్ల పేర్లకైతే విభక్తి వదిలేయండి. ఉదయగిరికి, ఉదయగిరిలో అన్నీ దొరకాలంటే 'దయగిరి' ఒక్కటి పట్టుకుంటే చాలు, వుదయగిరి కూడా అందులోనే తేలుతుంది. హోల్ వర్డ్ (మొత్తం మాట కలిస్తేనే చూపించేది) టిక్కు మాత్రం తీసేసి ఉండాలి.

ఒంగోలు కోడర్
ఆ గుర్తు సంగతి నాకు ఇన్నాళ్లూ తెలియదు, చాలా థాంక్స్ అన్నా. వీఎస్ కోడ్ వాళ్లకు ఒక మాట: కంట్రోల్ కె, కంట్రోల్ ఎస్ వరుసగా కొడితే షార్ట్‌కట్ల జాబితా వస్తుంది. అందులో 'ఫైండ్ నెక్స్ట్ సెలెక్షన్' వెతకండి. మార్చాక ఆ వరుస మీద రైట్ క్లిక్ చేస్తే, అదే కీ ఇంకెక్కడ వాడారో చూపించే ఆప్షన్ ఉంటుంది. సబ్‌లైమ్ అనే ఎడిటర్ వాడే మా ఆఫీసు మిత్రుడికి విండోస్‌లో కంట్రోల్ ఎఫ్3 మామూలుగానే పనిచేస్తోంది.

కావలి అక్షరం
ఎఫ్ఎన్, ఎస్కేప్ పనిచేసింది! కంట్రోల్ డి తీసేసి పాత కంట్రోల్ ఎఫ్3కే వచ్చేశాను. ఫైలు పోల్చి చూస్తే పదకొండు చోట్ల మాటలు రెండేసి సార్లు పడ్డాయి, అన్నీ దిద్దాను. ఇక 'దయగిరి' పట్టుకుని వెతికితే, నిన్న పూర్తయిందనుకున్న అధ్యాయంలోనే ఇంకో నాలుగు వుదయగిరిలు బయటపడ్డాయి. రేపు మొదటి పేజీ నుంచి మళ్లీ చూస్తాను. ఈ సెట్టింగులు ఇంకో కంప్యూటర్‌కు తీసుకెళ్లవచ్చా?

చీమకుర్తి బ్లాక్
వెళ్లొచ్చమ్మా. యాప్‌డేటా అనే విండోస్ ఫోల్డర్‌లో, నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ ఫోల్డర్‌లో షార్ట్‌కట్స్ అనే ఎక్స్ఎంఎల్ ఫైలు ఉంటుంది. ఎడిటర్ మూసేశాక దాన్ని కాపీ చేసుకుని, కొత్త కంప్యూటర్‌లో అదే చోట పెట్టండి. అక్కడ కూడా ఎడిటర్ మూసి ఉన్నప్పుడే పెట్టాలి.