స్టాఫర్డ్‌షైర్ గిన్నె రోమన్లదా, కెల్టులదా?

కంచుగంట:
2003లో ఇంగ్లండ్‌లోని స్టాఫర్డ్‌షైర్‌లో మెటల్ డిటెక్టర్లు పట్టుకుని తిరిగేవాళ్లకు దొరికిన గిన్నె ఇది. 2వ శతాబ్దం నాటి కంచు. పిడి, అడుగు పోయాయి. కంచులో గుంటలు పెట్టి, రంగు గాజుపొడి నింపి కాల్చారు. చుట్టూ సుడులు. ఆ సుడులు రోమన్లు రాకముందు నుంచీ బ్రిటన్‌లో ఉన్న కెల్టులవే. అయినా ఎక్కడ చూసినా 'రోమన్ గిన్నె' అనే రాస్తారు.

శాసనాలపిచ్చి:
అంచు కింద రాత చదివారా? లాటిన్. మాయిస్, కొగ్గబాట, ఉక్సెలోడూనమ్, కమ్మోగ్లన్న: రోమన్ చక్రవర్తి హేడ్రియన్ ఉత్తర బ్రిటన్‌లో కట్టించిన సరిహద్దు గోడ పడమటి కొసన ఉన్న కోటల పేర్లు. 122లో ఆ గోడ మొదలుకాకపోతే ఈ గిన్నే లేదు.

కంచుగంట:
ఉక్సెలోడూనమ్ అంటే కెల్టిక్‌లో ఎత్తైన కోట. మీ సాక్షి నా తరఫున మాట్లాడుతున్నాడు! 3వ శతాబ్దపు గ్రీకు రచయిత ఫిలోస్ట్రాటస్ కూడా రాశాడు: సముద్రంలో ఉండే అనాగరికులు కాగిన కంచు మీద రంగులు పోస్తారని, అవి రాయిలా గట్టిపడతాయని.

శాసనాలపిచ్చి:
అది గుర్రాల కళ్లేల సామాను గురించి. గిన్నెల గురించి కాదు.

కంచుగంట:
పని ఒకటే కదండీ.

శాసనాలపిచ్చి:
సామాను వేరు కదండీ.

వంటింటిచరిత్ర:
ఇంతకీ అందులో ఏం తాగేవాళ్లు?

దారినపోయేవాణ్ణి:
1725లో విల్ట్‌షైర్‌లో దొరికిన రడ్జ్ కప్పు మీదా, 1949లో ఫ్రాన్స్‌లోని ఆమియాన్‌లో దొరికిన గిన్నె మీదా ఆ గోడ కోటల పేర్లే. డ్యూటీ అయ్యాక ఇంటికి పట్టుకెళ్లిన గుర్తులేమో.

శాసనాలపిచ్చి:
అసలు చిక్కు మన గిన్నె రాత చివర ఉన్న 'ఏలి డ్రాకోనిస్' దగ్గర. పదాల మధ్య ఖాళీ లేదు. ఏలియస్ హేడ్రియన్ వంశం పేరు, కాబట్టి ముందున్న 'గోడ' అనే మాటతో కలిపి 'ఏలియస్ గోడ' అని చదవొచ్చు. ఏలియస్ డ్రాకో అనే మనిషి అనీ చదవొచ్చు. నేను మనిషే అంటాను.

కంచుగంట:
మనిషే. కొనుక్కున్న మనిషి! మా నాన్న పెంబర్తిలో ఇత్తడి రేకు మీద నగిషీ కొట్టేవారు. ఒక షాపువాళ్లు ఆయన చేసిన పళ్లెం మీద తమ పేరు చెక్కించారు. చెక్కింది కూడా ఆయనే. ఈ గిన్నె అక్షరాల్లో గాజు నింపినవాడి పేరు చెప్పండి మరి.

శాసనాలపిచ్చి:
అది అన్యాయమే. కానీ డ్రాకో కొన్నవాడని మీకెలా తెలుసు? చేసినవాడే కావచ్చు. అక్కడున్నది షష్ఠీ విభక్తి. 'డ్రాకోది' అంతే.

కంచుగంట:
చేసినవాడికి 'నాది' అనే హక్కు ఎక్కడుందండీ!

శాసనాలపిచ్చి:
అయితే మీ గొడవ రోమన్లతో కాదు, షాపుతో. మొదటి పోస్టులోనే చెప్పాల్సింది.

కంచుగంట:
చెబితే వినేవారా? లాటిన్‌లో లేదుగా.

దారినపోయేవాణ్ణి:
ఆ గిన్నెను మూడు మ్యూజియాలు కలిసి కొన్నాయి. మీరిద్దరూ ఒక థ్రెడ్ పంచుకోలేరా?

వంటింటిచరిత్ర:
నా ప్రశ్న అలాగే ఉంది.