‘యవన’ శబ్దంలోని వకారం

వచ్చే నెలలో టర్కీ పశ్చిమ తీరం వెంబడి ఎఫెసస్, ప్రీనే, మిలేటస్ శిథిలాలు చూడవలసి ఉన్నందున, ఆ తీరపు చరిత్రను ముందుగా చదువుకుందామని కూర్చున్నాను. ‘అయోనియా’ అన్న పేరు దగ్గరే ఆగిపోయాను. మన ‘యవన’ శబ్దానికి మూలం ఆ తీరవాసుల పేరే.

ఆ పేరుకు గ్రీకులో పాతరూపం ‘ఇయావోనెస్’. నడిమి వకారం అక్కడివారి మాండలికంలోనే లోపించి, చివరికి ‘ఇయోనెస్’ మిగిలింది. పాణిని సూత్రంలో మాత్రం ‘యవన’ అనే ఉంది. అశోకుని ప్రాకృత శాసనాలలో అది ‘యోన’ అయింది. సొంతదారులు పోగొట్టుకున్న అక్షరాన్ని మనం నేటికీ పలుకుతున్నామన్నమాట! నామట్టుకు నాకు పుస్తకం ఖరీదు అక్కడికే గిట్టింది.

పారసీక చక్రవర్తి దరియస్ క్రీ.పూ. 520 ప్రాంతంలో బెహిస్తూన్ కొండపై చెక్కించిన శాసనంలో, తన ఏలుబడిలోని దేశాల వరుసలో ‘యౌన’ కనిపిస్తుంది. ఆ యవనులే క్రీ.పూ. 499లో తిరగబడి, 494లో మిలేటస్ ఎదుటనున్న లాడే దీవి వద్ద నౌకాయుద్ధంలో ఓడిపోయారు. మెండెరెస్ నది తెచ్చిన ఒండ్రుతో సముద్రం వెనక్కు జరగగా, ఆ దీవి ఇప్పుడు మైదానం నడుమ ఒక గుట్ట. చదవకుండా వెళ్లి ఉంటే దానివైపు తలతిప్పి కూడా చూసేవాడిని కాను.

అర్థం కూడా ఒకచోట నిలవలేదు. మొదట గ్రీకులను, తరువాత పడమటి నుంచి వచ్చిన పరదేశులను చెప్పిన ఈ మాట, కృష్ణదేవరాయల ‘యవనరాజ్యస్థాపనాచార్య’ బిరుదు నాటికి ముస్లిం పాలకులకు వర్తించింది. అదే అర్థంలో వాడిన మరో మాట ‘తురుష్క’ టర్కుల పేరు నుంచి వచ్చింది. అయోనియా ఉన్నదీ నేటి టర్కీలోనే. ఆ తీరపు పాతవారి పేరూ కొత్తవారి పేరూ మన వాడుకలో ఒకే అర్థానికి చేరడం నాకు విడ్డూరంగా తోచింది.

— (ఒక పాఠకుడి ప్రశ్న) మాస్టారూ, ‘యౌవనం’ కూడా ఈ కుటుంబంలోదేనా? ‘యవనిక’ మాటేమిటి?

— (నా జవాబు) యౌవనానికి దీనితో చుట్టరికం లేదండీ. అది ‘యువన్’ శబ్దం నుంచి వచ్చింది. యవనిక విషయంలోనే తగవుంది. యవనదేశపు వస్త్రంతో చేసిన తెర గనుక ఆ పేరు వచ్చిందని కొందరంటారు. ‘జవనిక’ అన్న రూపం కూడా ఉండడంతో, వేగాన్ని చెప్పే ‘జవ’ శబ్దం నుంచి పుట్టిందని మరికొందరి వాదం. గ్రీకు నాటకశాలలలో మన నాటకాల వంటి తెర ఉండేది కాదు కనుక, తెరను వారి నుంచే తెచ్చుకున్నామన్న మాటను మాత్రం నేను ఒప్పుకోలేను.