బ్రౌజర్ మారిస్తే పాప్‌అప్‌ల పీడ వదులుతుందా?

వానకోకిల (ప్రశ్న)

విండోస్ 11 ల్యాప్‌టాప్, వాడేది క్రోమ్. వారం నుంచి మూడు తంటాలు. స్క్రీన్ కుడి కింది మూలలో "మీ పీసీలో 5 వైరస్‌లు ఉన్నాయి" అంటూ పెట్టెలు వస్తున్నాయి, బ్రౌజర్ మూసినా ఆగవు. అడ్రస్ బార్‌లో ఏం వెతికినా ఎప్పుడూ పేరు వినని సెర్చ్ పేజీ తెరుచుకుంటోంది. సెట్టింగ్స్‌లో దాన్ని మార్చబోతే ఆ వరుస బూడిదరంగులో ఉండి నొక్కనివ్వదు. మెనూ అడుగున "మీ సంస్థ నిర్వహిస్తోంది" అని ఉంది. సంస్థ ఎక్కడిదండీ, ఇది సొంత ల్యాప్‌టాప్! ఒక ఉచిత పీడీఎఫ్ కన్వర్టర్ వేశాకే ఇదంతా మొదలైంది. క్రోమ్ తీసేసి ఫైర్‌ఫాక్సో బ్రేవో వేస్తే సరిపోతుందా? పాస్‌వర్డ్‌లు, బుక్‌మార్క్‌లు మాత్రం పోకూడదు.

తాళంచెవి

ముందు శుభ్రం చేసి, తర్వాత మారండి. మీకున్నది ఒక జబ్బు కాదు, రెండు.

మూలలో వచ్చే పెట్టెలు చాలావరకు వైరస్ కాదు. ఏదో సైట్ "మీరు రోబో కాదని నిరూపించడానికి అలౌ నొక్కండి" అని అడిగి ఉంటుంది, ఎవరో నొక్కి ఉంటారు. అంతే, నోటిఫికేషన్ పంపే హక్కు దానికి వచ్చేసింది. పెట్టెను సరిగ్గా చూడండి, బ్రౌజర్ పేరుతో పాటు సైట్ అడ్రస్ కూడా చిన్న అక్షరాల్లో ఉంటుంది. క్రోమ్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, అందులో సైట్ సెట్టింగ్స్, అందులో నోటిఫికేషన్స్ తెరవండి. అనుమతి ఉన్న సైట్ల జాబితా కనిపిస్తుంది. తెలియని ప్రతి పేరు పక్కనా మూడు చుక్కలు నొక్కి బ్లాక్ పెట్టండి. రిమూవ్ కొడితే ఆ సైట్ మళ్లీ అడగగలదు, బ్లాక్ పెడితే అడగలేదు. బ్రౌజర్ మూసినా పెట్టెలు ఎందుకు వస్తున్నాయంటే, సెట్టింగ్స్‌లోని సిస్టమ్ విభాగంలో క్రోమ్ మూశాక కూడా బ్యాక్‌గ్రౌండ్ యాప్‌లు నడవనిచ్చే స్విచ్ ఒకటుంది. దాన్ని ఆపేయండి.

రెండోదే అసలు జబ్బు. ఆఫీసు కంప్యూటర్లకు నియమాలు పెట్టడానికి బ్రౌజర్లలో పాలసీ అనే ఏర్పాటు ఉంది. మీ కన్వర్టర్‌తో వచ్చిన సరుకు దాన్నే వాడుకుని సెర్చ్ పేజీకి తాళం వేసింది. అడ్రస్ బార్‌లో క్రోమ్, కోలన్, రెండు స్లాష్‌లు, పాలసీ అని ఇంగ్లిషులో కొట్టండి. ఎక్స్‌టెన్షన్ ఇన్‌స్టాల్ ఫోర్స్‌లిస్ట్ అనే వరుస ఉందా? దాని విలువలో 32 అక్షరాల పొడవాటి పేరు ఉంటే అది బలవంతంగా ఎక్కించిన ఎక్స్‌టెన్షన్ (బ్రౌజర్‌కు తగిలించే చిన్న ప్రోగ్రాం) గుర్తు. డిఫాల్ట్ సెర్చ్ ప్రొవైడర్‌తో మొదలయ్యే వరుసలు కూడా చూడండి. కొన్ని యాంటీవైరస్‌లూ పాలసీలు పెడతాయి కాబట్టి "మీ సంస్థ నిర్వహిస్తోంది" అనే ఒక్క వాక్యం చూసి కంగారు పడనక్కర్లేదు, విలువలు చదవండి.

తీసే వరుస ఇది: ముందు సెట్టింగ్స్, యాప్స్‌లో కన్వర్టర్‌ను, అదే తేదీన వచ్చిన తెలియని ప్రోగ్రాములను అన్‌ఇన్‌స్టాల్ చేయండి. తర్వాత రిజిస్ట్రీ ఎడిటర్ (విండోస్ లోపలి సెట్టింగ్స్ మార్చే పరికరం) తెరిచి హెచ్‌కీ లోకల్ మెషీన్, సాఫ్ట్‌వేర్, పాలసీస్, గూగుల్, క్రోమ్ వరకు వెళ్లండి. ఆ ఫోల్డర్‌ను ఎక్స్‌పోర్ట్ చేసి దాచుకున్నాకే డిలీట్ చేయండి. హెచ్‌కీ కరెంట్ యూజర్ కింద కూడా అదే దారిలో చూడండి. ఆపైన రీస్టార్ట్.

గోడగడియారం

పై సలహాకు ఒక చేర్పు. క్రోమ్‌ను అన్‌ఇన్‌స్టాల్ చేసినా రిజిస్ట్రీలోని పాలసీ పోదు. మళ్లీ క్రోమ్ వేసిన రోజు అదే సెర్చ్ పేజీ ఎదురొస్తుంది. ఇంకొకటి సింక్, అంటే మీ సెట్టింగ్స్, ఎక్స్‌టెన్షన్లను గూగుల్ అకౌంట్ ద్వారా మీ మెషీన్లన్నిటికీ చేర్చే ఏర్పాటు. ఈ ల్యాప్‌టాప్ శుభ్రం చేసినా, అకౌంట్‌లోకి లాగిన్ కాగానే చెడ్డ ఎక్స్‌టెన్షన్ మళ్లీ దిగే వీలుంది. అందుకే ముందు సింక్‌లో ఎక్స్‌టెన్షన్ల స్విచ్ ఆపండి, తర్వాతే మిగతా పని.

మీ యాంటీవైరస్ దీన్ని పట్టుకోకపోవడంలో వింతేం లేదు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు నెక్స్ట్, నెక్స్ట్ అని నొక్కిన పేజీల్లో దీనికి మీ ఒప్పుకోలు తీసుకునే ఉంటారు. అందువల్ల ఇది వైరస్ లెక్కలోకి కాకుండా "అక్కర్లేని యాప్" లెక్కలోకి వస్తుంది. విండోస్ సెక్యూరిటీలో యాప్ అండ్ బ్రౌజర్ కంట్రోల్, అందులో రెప్యుటేషన్ బేస్డ్ ప్రొటెక్షన్ సెట్టింగ్స్ తెరిచి, పొటెన్షియల్లీ అన్‌వాంటెడ్ యాప్ బ్లాకింగ్ ఆన్ చేయండి. ఆపైన స్కాన్ ఆప్షన్స్‌లో డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ నడపండి. మెషీన్ రీస్టార్ట్ అవుతుంది, పావుగంట పడుతుంది, తెరిచి ఉన్న ఫైళ్లు ముందే సేవ్ చేసుకోండి. మాల్‌వేర్‌బైట్స్ వాళ్ల యాడ్‌వ్‌క్లీనర్ కూడా ఇలాంటి సరుకు కోసమే చేసినది, ఉచితం.

వానకోకిల

నోటిఫికేషన్లు ఆగాయి, థాంక్సండీ. రిజిస్ట్రీలో క్రోమ్ ఫోల్డర్ తీసేసి రీస్టార్ట్ చేశాను. ఐదు నిమిషాల్లో మళ్లీ వచ్చి కూర్చుంది!

తాళంచెవి

అయితే దాన్ని తిరిగి రాసే పనివాడు ఇంకా లోపలే ఉన్నాడు. టాస్క్ షెడ్యూలర్ (చెప్పిన వేళకు ప్రోగ్రాములను తానే నడిపే విండోస్ పరికరం) తెరిచి, ఎడమవైపు టాస్క్ షెడ్యూలర్ లైబ్రరీ నొక్కండి. ఒక్కో టాస్క్‌కు కింద ట్రిగ్గర్స్, యాక్షన్స్ అని ట్యాబ్‌లుంటాయి. లాగిన్ కాగానే, లేదా కొన్ని నిమిషాలకోసారి నడిచేవి వెతకండి. వాటి యాక్షన్‌లో స్క్రిప్టులు నడిపే పవర్‌షెల్ గానీ డబ్ల్యూస్క్రిప్ట్ గానీ ఉండి, పక్కన యాప్‌డేటా ఫోల్డర్‌లోని ఫైల్ పేరు ఉంటే అనుమానించండి. పేరు చూసి మోసపోవద్దు, "అప్‌డేట్" అనే మాట లేని చెత్త టాస్క్ అరుదు. యాక్షన్‌లోని ఫైల్ దారి రాసుకుని, టాస్క్‌ను డిజేబుల్ చేసి, ఆ ఫైల్‌ను తీసేసి, ఆ తర్వాతే రిజిస్ట్రీ ఫోల్డర్‌ను మళ్లీ డిలీట్ చేయండి. ఈ వరుస తిరగబడితే ఐదు నిమిషాల కథ మళ్లీ మొదలు.

పనిలో పనిగా టాస్క్‌బార్‌లోని క్రోమ్ షార్ట్‌కట్ ప్రాపర్టీస్ చూడండి. టార్గెట్ పెట్టెలో ఈఎక్స్ఈ తర్వాత ఏదైనా వెబ్ అడ్రస్ అతికించి ఉందేమో. నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో మీరు పెట్టని మాన్యువల్ ప్రాక్సీ (మీ ట్రాఫిక్‌ను మధ్యలో మరో కంప్యూటర్ గుండా పంపేది) ఉంటే ఆపేయండి. ప్రాక్సీ అలాగే ఉంటే ఏ కొత్త బ్రౌజర్ వేసినా ట్రాఫిక్ అటే పోతుంది.

నీలిగీత

ఇక మార్పిడి సంగతి. ఫైర్‌ఫాక్స్‌కే నా ఓటు, కారణం ఒక్కటే: ప్రకటనలను అడ్డుకునే ఎక్స్‌టెన్షన్ యూబ్లాక్ ఆరిజిన్ పూర్తి రూపం అక్కడ నడుస్తుంది. ఎక్స్‌టెన్షన్ల కొత్త నియమాలైన మానిఫెస్ట్ వీ3కి మారాక క్రోమ్‌లో దాని లైట్ రూపమే మిగిలింది. అది పనికిరానిదేం కాదు గానీ చేయగలిగింది తక్కువ. బ్రేవ్‌లో అడ్డుకట్ట బ్రౌజర్‌లోనే ఉంటుంది, విడిగా ఏమీ వేయనక్కర్లేదు. ఓపిక లేనివాళ్లకు అదే మేలు. ఏది వేసినా బ్లాకర్ ఒక్కటే ఉంచండి. రెండు పెడితే ఒకదానికొకటి అడ్డొచ్చి పేజీలు విరిగిపోతాయి.

సెర్చ్‌లో బ్రౌజర్ పేరు కొట్టి పైనున్న ప్రకటన నొక్కొద్దు. పాడైన ఈ సెర్చ్ పేజీ నుంచైతే అసలే వద్దు. ఫైర్‌ఫాక్స్ కోసం దాన్ని తయారుచేసే వాళ్ల సైట్ మొజిల్లా డాట్ ఆర్గ్ అని ఇంగ్లిషులో నేరుగా టైప్ చేసి వెళ్లండి.

బుక్‌మార్క్‌లను హెచ్‌టీఎంఎల్ ఫైల్‌గా, పాస్‌వర్డ్‌లను సీఎస్‌వీ ఫైల్‌గా ఎక్స్‌పోర్ట్ చేసి తెచ్చుకోండి. ఎక్స్‌టెన్షన్లను తేవద్దు, కావలసినవి ఒక్కొక్కటే కొత్తగా వేసుకోండి. ఆ సీఎస్‌వీ ఫైల్‌ను ఒక్కసారి నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూడండి: సైట్, యూజర్ పేరు, పాస్‌వర్డ్, కామాల మధ్య బట్టబయలుగా ఉంటాయి. అందుకే కొత్త బ్రౌజర్‌లోకి ఎక్కించుకోగానే ఆ ఫైల్‌ను షిఫ్ట్ పట్టుకుని డిలీట్ కొట్టండి, రీసైకిల్ బిన్‌లో కూడా ఉండకూడదు. ఫైల్ పెట్టిన ఫోల్డర్ క్లౌడ్‌కు బ్యాకప్ అవుతుంటే అక్కడా తీసేయాలి.

ఫైర్‌ఫాక్స్‌లో ప్రైవసీ సెట్టింగ్స్‌కు వెళ్లి నోటిఫికేషన్ల అనుమతి అడిగే కొత్త అభ్యర్థనలను ఆపే గడిలో టిక్ పెట్టండి. మూలలోని పెట్టెల గోల మొదలయ్యేదే అక్కడ. ట్రాకింగ్ రక్షణ స్ట్రిక్ట్‌లో పెడితే అప్పుడప్పుడు లాగిన్ పేజీలు మొరాయిస్తాయి. అడ్రస్ బార్ ఎడమన ఉన్న కవచం గుర్తు నొక్కి ఆ ఒక్క సైట్‌కు సడలించండి, మొత్తం ఆపేయకండి.

గోడగడియారం

ఒకటి మరిచారు. మెషీన్ శుభ్రమైందని తేలాక ఈమెయిల్, బ్యాంకు పాస్‌వర్డ్‌లు మార్చాలి. మార్చి ఊరుకోకుండా, ఈమెయిల్ అకౌంట్‌లో అన్ని డివైజ్‌ల నుంచి సైన్ అవుట్ కూడా కొట్టాలి. దొంగ సరుకు లాగిన్ కుకీని (మీరు ఇప్పటికే లాగిన్ అయ్యారని సైట్‌కు చెప్పే గుర్తు) పట్టుకెళ్లి ఉంటే దానికి పాస్‌వర్డ్‌తో పనే ఉండదు. శుభ్రం కాకముందే మార్చడం దండగ, కొత్తదీ వాళ్ల చేతికే పోతుంది.

వానకోకిల

దొరికిందండీ. "అప్‌డేట్ హెల్పర్" అనే పేరుతో టాస్క్, యాక్షన్‌లో పవర్‌షెల్. మీరు చెప్పిన వరుసలోనే తీశాను, రెండుసార్లు రీస్టార్ట్ చేసినా పాలసీ పేజీ ఖాళీగానే ఉంది. ఇప్పుడు ఆఫ్‌లైన్ స్కాన్‌కు పెడుతున్నాను, అది అయ్యాక ఫైర్‌ఫాక్స్.