పాత ఇంటికి కొత్త గది కలిపితే అతుకు దగ్గర పగులు రాకుండా ఎలా?

బ్రాడీపేట: గుంటూరులో పాత ఇల్లు. సున్నం కట్టుబడి, పిల్లర్లు లేవు, నేల నల్లరేగడి. వెనక 10×12 అడుగుల గది దగ్గరుండి కట్టించుకుంటున్నాం. పాత గోడలో పళ్లలా గూళ్లు కోసి, కొత్త గోడ ఇటుకల్ని అందులోకి దూర్చి కలిపేస్తానంటున్నాడు మేస్త్రీ. సరేనా?

పట్నంబజారు: వద్దండీ. పాత పునాది కుంగాల్సింది ఎప్పుడో కుంగింది, కొత్తది ఇప్పుడు మొదలెడుతుంది. పైగా రేగడి వానలకి ఉబ్బి, ఎండలకి నెర్రెలిస్తుంది. కలిపేస్తే అతుకు దగ్గరే నిలువునా చీలుతుంది. కొత్త గదిని సొంత పిల్లర్ల మీద లేపి, మధ్య 25 మి.మీ. సందు వదలండి. థర్మోకోల్ షీటు పెట్టి, పైన అల్యూమినియం పట్టీని ఒక వైపే స్క్రూలతో బిగించండి. రెండు వైపులా బిగిస్తే గోడ కదిలినప్పుడు ఊడొస్తుంది.

కొత్తపేట: అసలు ప్రమాదం గుంతల్లో ఉంది. పాత పునాది కంటే లోతుగా, దాని పక్కనే తవ్వితే కింద మట్టి జారి గోడ కూలుతుంది. ఆ వైపు పిల్లర్లను మూడడుగులు ఇవతలికి జరిపి, బీమును గోడవైపు కాంటిలివర్‌గా, అంటే కొస కింద పిల్లర్ లేకుండా, చాపండి. స్టీలు లెక్క మాత్రం స్ట్రక్చరల్ ఇంజనీరుతోనే. తవ్విన రేగడితో బేస్‌మట్టం నింపనివ్వకండి, ఫ్లోరింగ్ లేచిపోతుంది. గ్రావెల్ తెప్పించి, ఆరంగుళాల పొరలుగా తడిపి దిమ్మిస కొట్టించండి.

బ్రాడీపేట: మరి శ్లాబు సందులోంచి వాన నీళ్లు కారవా?

పట్నంబజారు: వదిలేస్తే కారతాయి. సందుకి రెండు వైపులా ఆరంగుళాల కట్టలు లేపి, పైన రేకు కప్పు వెయ్యండి. అదీ ఒక కట్టకే బిగించాలి. శ్లాబు వాలు పాత ఇంటికి అవతలి వైపు ఉండాలి. పీపీసీ (ఫ్లైయాష్ కలిపిన) సిమెంటైతే శ్లాబు మీద కనీసం పది రోజులు నీళ్లు నిలబెట్టండి.