డబ్బాలో దాచిన షూ అడుగు పిండైపోయింది, ఏటి చెయ్యాలి?

బీచ్‌రోడ్_బద్ధకం:
రెండేళ్ల కిందట నాలుగు వేలు పోసి షూ కొన్నాను, డబ్బా మీద ఆకు బొమ్మ, రీసైకిల్డ్ అని పెద్ద అక్షరాలు. పదిసార్లు కూడా వేసుంటానో లేదో. మొన్న సింహాచలం కొండ మీద పెళ్లికి డబ్బా దుమ్ము దులిపి వేసుకెళ్తే బస్సు దిగి సత్రం దాకా నడిచేసరికి దారంతా నల్ల ముక్కలే, మా అత్త "ఏట్రా, నడిచినమేరా మసిబొగ్గు రాలుస్తున్నావు" అని అందరి ముందూ నవ్వేసింది. కంపెనీకి మెయిల్ పెడితే వారంటీ అయిపోయిందన్నారు. అసలు వాడకుండా ఎలా పాడవుద్దండి? ఫెవిక్విక్ పెడితే నిలబడుద్దా? ఇంకో బస్తాడు పాత జీన్సులు, టీషర్టులు కూడా ఉన్నాయి, కాపులుప్పాడ డంపింగ్ యార్డుకి పంపడం ఇష్టం లేదు, వైజాగ్‌లో ఎవరైనా తీసుకుంటారా?

సోల్_మాస్టారు:
ఫెవిక్విక్ దండగ బ్రో. ఊడితే అతుకుద్ది గానీ సోల్‌లోని ఫోమే పిండయ్యాక దేనికి అతికిస్తావు. అది పీయూ, అంటే పాలీయూరిథేన్. గాల్లో తేమ లోపలికి దూరి దాని అణువుల గొలుసుల్ని తెంపేస్తది, వేసుకున్నా వేసుకోకపోయినా తయారైన రోజు నుంచే ఈ పని మొదలు, మన ఊరి ఉక్కపోతలో మూసిన డబ్బాలో పెడితే ఇంకా త్వరగా పోద్ది. పీయూలోనే ఈస్టర్ రకం ఇలా చస్తది, ఈథర్ రకం తేమకి బాగా ఓర్చుకుంటది, కానీ ఏ రకమో డబ్బా మీద ఎవడు రాస్తాడు చెప్పు? పైభాగం బావుంటే పాత సోల్ పీకించేసి రబ్బరు సోల్ కుట్టించుకో, అతికించడం కాదు, కుట్టించు.

ఆటోనగర్_అన్న:
మా తాత టైరు చెప్పులు అరిగేదాకా తొడిగాడు. రబ్బరుని ఒకసారి గంధకం వేసి ఉడికించాక కరిగించి మళ్లీ పొయ్యలేం, అందుకే టైరుని కోసి చెప్పు చేశారు. ఆకు బొమ్మ మాత్రం లేదు పాపం.

అచ్యుతాపురం_షిఫ్టు:
నేను గార్మెంట్స్‌లో కటింగ్ సెక్షన్. రీసైకిల్డ్ అన్న మాట ఒక్కటే చూసి మోసపోకండి. గ్లోబల్ రీసైకిల్డ్ స్టాండర్డ్ అని ఒకటుంది, దాని సర్టిఫికెట్‌కి సరుకులో కనీసం 20 శాతం రీసైకిల్డ్ ఉండాలి, లోగో వెయ్యాలంటే కనీసం 50. మిగతా సగం కొత్తదే అయినా లోగో పడుద్దన్నమాట. ఇంకోటి, ఆ పాలిస్టర్ ఎక్కువగా పాత బట్టల్లోంచి కాదు, నీళ్ల సీసాల్లోంచి వస్తది. సీసా మళ్లీ సీసా అవగలదు, కానీ చొక్కా అయ్యాక దాని దారి దాదాపు అక్కడితో ఆఖరు.

మీ జీన్సు సంగతి: సాగే రకమైతే అందులో కొంచెం స్పాండెక్స్, అంటే సాగే సింథటిక్ పోగు ఉంటది, ఆ కొంచెమే పాత గుడ్డ చీల్చి నూలు తీసేవాడికి తలనొప్పి. అచ్చం కాటన్‌ని చీల్చినా పోగులు పొట్టివైపోతాయి, కొత్త దూది కలపకుండా గట్టి దారం రాదు. మా టేబుల్ మీద మిగిలే ముక్కలైతే ఒకే గుడ్డ, ఒకే రంగు, జిప్పు లేదు గుండీ లేదు, వాటికి గిరాకీ ఉంది. ఇంటి బస్తాకి ఆ భాగ్యం లేదు. చిరిగిన కాటన్ టీషర్టులు చదరంగా కోసి మెకానిక్ షెడ్డుకి ఇచ్చెయ్యండి, నూనె తుడవడానికి వాళ్లు ఎలాగూ వేస్ట్ గుడ్డ కొంటారు.

ఎంవీపీ_అమ్మమ్మ:
బాబూ, స్టీలు సామాన్లమ్మాయి మీ వీధికి రాదా? మా దగ్గర మంచి ప్యాంట్లు నాలుగిస్తే ఒక గిన్నె ఇస్తది, బేరం ఆడితే మూత కూడా. జిప్పు లాగి చూస్తది, మోకాళ్లు వెలుతురికి పట్టి చూస్తది, మా అబ్బాయి ఇంజనీరే గానీ అంత పరీక్ష చెయ్యడు. వాటిని ఉతికి, కుట్టి మళ్లీ అమ్ముకుంటారు. లెగ్గింగులూ పల్చటి టీషర్టులూ మాత్రం ఇప్పుడు తీసుకోవట్లేదు, రెండు ఉతుకులకే జాలీ అయిపోతున్నాయంట. మెత్తటి నూలు చీరలుంటే ఎవరికీ ఇవ్వకు, బొంత కుట్టించుకో. పాలిస్టర్ చీర పెట్టకు, చెమట పీల్చదు.

బీచ్‌రోడ్_బద్ధకం:
అప్‌డేట్. పూర్ణా మార్కెట్ దగ్గర చెప్పులు కుట్టే ఆయన వేలితో నొక్కితే సోల్ ఎండిపోయిన కేకులా విరిగింది. రబ్బరు సోల్, చుట్టూ కుట్టు, 450 తీసుకున్నాడు. బరువు పెరిగింది గానీ గట్టిగా ఉంది. ఆరు ప్యాంట్లకి ఒక పాలగిన్నె వచ్చింది, అమ్మమ్మగారూ, మూత ఇవ్వలేదు. నల్ల ముక్కలు మాత్రం సత్రం నుంచి తెచ్చిన బ్యాగులో ఇంకా రాలుతూనే ఉన్నాయి.